గెస్ట్ "షాక్ కొడుతోంది" అంటే హోస్ట్ ఏం చేయాలి?

ముందు మీరు అడిగినదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. రోజుల లెక్కన అద్దెకిచ్చే మీ ఇంట్లో దిగిన గెస్ట్ రాత్రి పదకొండింటికి "బాత్‌రూమ్‌లో కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోంది" అని మెసేజ్ పెట్టారు. మీరు "ఇన్నాళ్ళుగా ఇస్తున్నాం, ఎవరూ ఇలా అనలేదు, ఎమ్‌సీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే బోర్డు స్విచ్) కూడా పడలేదు కదా" అని జవాబిచ్చారు. తెల్లారేసరికి వాళ్ళు ఖాళీ చేసి, మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వమని ప్లాట్‌ఫామ్‌కి (బుకింగ్ తీసుకున్న సైట్‌కి) ఫిర్యాదు చేశారు. ఎలక్ట్రీషియన్ వచ్చి "ఏమీ లేదు సార్" అన్నాడు. ఈలోగా ప్లాట్‌ఫామ్ వాళ్ళు మీ లిస్టింగ్, అంటే సైట్‌లో మీ ఇంటి పేజీ, ఆపేశారు. ఇది రీఫండ్ కోసం ఆడిన నాటకమా, ఇప్పుడేం చేయాలి, ఆమె రివ్యూ రాస్తే ఎలా అన్నది మీ ప్రశ్న.

నాటకమో కాదో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మీరూ చెప్పలేరు. కానీ నాటకమే అనడానికి మీరు చూపిస్తున్న మూడు ఆధారాలు ఉన్నాయే, ఎవరూ అనలేదు, ఎమ్‌సీబీ పడలేదు, ఎలక్ట్రీషియన్‌కి ఏమీ దొరకలేదు, వీటిలో ఒక్కటీ నిలబడదు. సొంత ఇంటితో పాటు వేరేవాళ్ళ ఇళ్ళు కూడా చూసుకునే మనిషిగా చెబుతున్నాను. భద్రత మీద వచ్చే ఫిర్యాదుల్లో హోస్టులు చిక్కుకునేది ఎక్కువగా ఈ మాటల దగ్గరే.

ఎమ్‌సీబీ సంగతి ముందు చూద్దాం. ఒంట్లోంచి కరెంటు పోతోందని మనిషికి తెలియడానికి 1 మిల్లీయాంప్ (ఆంపియర్‌లో వెయ్యో వంతు) చాలు, కొందరికి అందులో సగమే తెలిసిపోతుంది. 10 మిల్లీయాంప్‌ల దాకా వెళ్తే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలడం కష్టమవుతుంది. ఎమ్‌సీబీకి ఇవేవీ కనపడవు. అది ఆంపియర్ల లెక్కలో ఓవర్‌లోడ్ అయితేనో, షార్ట్ సర్క్యూట్ అయితేనో పడుతుంది. మనుషుల కోసం పెట్టేది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్. అదీ సాధారణంగా 30 మిల్లీయాంప్‌లది ఉంటుంది, అందులో సగం దాకా లీకేజీ ఉన్నా పడకూడదన్నట్టే దాన్ని తయారు చేస్తారు. అంటే మీ గెస్ట్ చేతిలోంచి రెండు మూడు మిల్లీయాంప్‌లు పోతే ఆమెకి స్పష్టంగా జివ్వుమంటుంది, మీ బోర్డులో ఒక్క స్విచ్ కూడా కదలదు.

రెండోది, ఇంతకు ముందు ఎవరూ అనకపోవడం. గీజర్ లోపల నీళ్ళు కాచే ఎలిమెంట్ మీద ఉప్పు పేరుకుని, పైతొడుగు ఎక్కడో సన్నగా చిట్లుతుంది. అక్కణ్ణించి కరెంటు నీళ్ళలోకి, ట్యాంకు బాడీకి పాకుతుంది. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ లీకేజీ ఎర్త్ వైరు పట్టుకుని పోతుంది, పెరిగితే ఆర్‌సీసీబీ పడుతుంది, స్నానం చేసేవాళ్ళకి ఏమీ తెలియదు. కుళాయి దగ్గర జివ్వుమందంటే చాలాసార్లు రెండు లోపాలు కలిశాయన్నమాట: ఎలిమెంట్ లీకవుతోంది, ఎర్త్ తెగింది. ఎర్త్ ఎప్పుడో తెగి ఉండొచ్చు, ఎలిమెంట్ పోయినవారమే చిట్లి ఉండొచ్చు. ఆ రెండూ కలిసిన రోజున ఇంట్లో ఎవరుంటే వాళ్ళే మొదటి ఫిర్యాదుదారు. అంతకు ముందు దిగినవాళ్ళు వంద మంది ఉన్నా వాళ్ళ మౌనం దేనికీ సాక్ష్యం కాదు.

ఇక మీ ఎలక్ట్రీషియన్. అతను ఎప్పుడొచ్చాడు? పొద్దున, గెస్ట్ వెళ్ళిపోయాక. అప్పటికి గీజర్ ఆగిపోయి ఉంది, నేల ఆరిపోయింది, అతని కాళ్ళకి చెప్పులున్నాయి. టెస్టర్ పెట్టి చూసి, కుళాయి మీద చెయ్యి వేసి, ఏమీ లేదన్నాడు. గెస్ట్ ముట్టుకున్నది రాత్రి, గీజర్ నడుస్తుండగా, తడి నేల మీద వట్టి కాళ్ళతో. కొన్ని ఎలిమెంట్లు చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటాయి, వేడెక్కితేనే లీకవుతాయి. కాబట్టి అతను చూసింది ఆ గీజర్‌నే కానీ ఆ పరిస్థితిని కాదు. ఫిర్యాదు ఏదైనా సరే, నేను పట్టుకుని వేలాడేది ఈ ఒక్క విషయాన్నే: గెస్ట్ చూసిన స్థితిని మళ్ళీ తెచ్చి పరీక్షించకపోతే, పరీక్షించనట్టే.

మళ్ళీ పిలిపించండి, కుదిరితే లైసెన్స్ ఉన్న వేరే మనిషిని. పేరు పెట్టి ఈ పరీక్షలు అడగండి. గీజర్ బాడీ నుంచి మెయిన్ బోర్డు ఎర్త్ బార్ (ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీ) దాకా వైరు తెగకుండా ఉందా, రీడింగ్ ఎంత. మెగ్గర్‌తో (కరెంటు బయటికి లీకయ్యే వీలుందో లేదో కొలిచే మీటరుతో) 500 వోల్టుల ఇన్సులేషన్ పరీక్ష, ఎలిమెంట్ చల్లగా ఉన్నప్పుడొకసారి, నీళ్ళు బాగా కాగాక సప్లై తీసేసి మరోసారి. ఇళ్ళ వైరింగ్‌కి కనీసం 1 మెగోమ్ రావాలి. గీజర్ నడుస్తుండగా కుళాయికీ, నేల మీద డ్రెయిన్ జాలీకీ మధ్య మీటరు ఎంత వోల్టేజీ చూపిస్తోంది. ఆర్‌సీసీబీని పరికరంతో పరీక్షిస్తే ఎన్ని మిల్లీయాంప్‌లకి, ఎన్ని మిల్లీసెకన్లలో పడుతోంది. దాని మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కి "పడుతోంది కదా" అంటే ఒప్పుకోకండి. ఆ బటన్ స్విచ్ లోపలి మెకానిజాన్ని చూస్తుంది, మీ ఎర్తింగ్ ఉందో లేదో దానికి తెలియదు. చేత్తో ముట్టుకుని చూడటం పరీక్ష కాదు. మీరు అస్సలు చేయకండి, అతన్నీ చేయనివ్వకండి.

(అన్నట్టు, లోహపు బాడీ ఉన్న లాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా అరచేతికి సన్నగా జిలజిలమంటోందని కూడా గెస్టులు రాస్తుంటారు. ఛార్జర్లో ఉండే ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల అలా జరగొచ్చు, దానంతట అది పెద్ద ప్రమాదం కాదు. ఛార్జర్‌కి మూడో పిన్ను ఉండి కూడా అలా అంటోందంటే మాత్రం ఆ ప్లగ్ పాయింట్‌కి ఎర్త్ వస్తోందో లేదో అనుమానించాల్సిందే. దాన్నీ ఇదే విజిట్‌లో చూపించేయండి.)

ఇప్పుడు మీరు ఆ రాత్రి రాసిన జవాబు. దాన్ని ఇక వెనక్కి తీసుకోలేరు, కానీ వచ్చేసారికి పనికొస్తుందని నేనైతే ఎలా రాస్తానో పెడుతున్నాను:

"వెంటనే చెప్పినందుకు థాంక్స్ అండి. దయచేసి ఇక ఆ బాత్‌రూమ్ వాడొద్దు, కుళాయిలూ షవరూ ముట్టుకోవద్దు. గీజర్ స్విచ్ బాత్‌రూమ్ బయట తలుపుకి ఎడమపక్క, ఎర్ర లైటు ఉన్నది. చేతులు పొడిగా ఉన్నప్పుడు, చెప్పులు వేసుకుని దాన్ని ఆపేయండి. ఎవరికైనా గట్టిగా తగిలిందా? గుండె దడ, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే ముందు ఆసుపత్రికి వెళ్ళండి, నాతో తర్వాత మాట్లాడొచ్చు. పొద్దున ఎనిమిదింటికి ఎలక్ట్రీషియన్ వస్తాడు. ఈ రాత్రి అక్కడ ఉండటం ఇబ్బందనిపిస్తే చెప్పండి, ఇప్పుడే వేరే చోటు చూస్తాను."

ఇందులో నమ్ముతున్నానని లేదు, నమ్మనని లేదు. "మా వైరింగ్ పాతది, సారీ" అని కూడా లేదు. ఇంకా ఎవరూ చూడని లోపాన్ని ఒప్పేసుకుంటే రేపు ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర ఇబ్బంది పడేది మీరే. అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు ఊసు లేదు. ఇంట్లో ఒకటే బాత్‌రూమ్ అయితే చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చేయండి, ఎందుకంటే ఆ రాత్రికి ఆ ఇల్లు ఉండటానికి పనికొచ్చే ఇల్లు కాదు.

భద్రత మాటనీ డబ్బు మాటనీ ఒకే మెసేజ్‌లో కలపొద్దని నాతో పనిచేసేవాళ్ళందరికీ చెబుతాను. కలిపితే ఏం రాసినా తప్పుగానే చదువుతారు. "ఎలక్ట్రీషియన్ని పంపిస్తాను, కానీ రీఫండ్ కుదరదు" అంటే బేరం పెట్టినట్టు. "రీఫండ్ ఇస్తాను, దయచేసి కంప్లైంట్ పెట్టకండి" అంటే నోరు మూయించినట్టు, పైగా చాలా ప్లాట్‌ఫామ్‌లలో అది నేరుగా నిబంధనల ఉల్లంఘన. ముందు మనుషులు, తర్వాత రిపేరు, ఆ రెండూ తేలాక విడిగా ఇంకో మెసేజ్‌లో డబ్బు.

ఎంత ఇవ్వాలి అంటే నా లెక్క ఇది. ఫిర్యాదు వచ్చిన రాత్రి, ఆ తర్వాత మిగిలిన రాత్రులు వాదన లేకుండా వెనక్కి ఇచ్చేస్తాను, లోపం తేలినా తేలకపోయినా. అంతకు ముందు ఉన్న రాత్రులకి మాత్రం పరీక్షలో లోపం బయటపడితేనే. కొందరు హోస్టులు దీన్ని మెతకతనం అంటారు. రెండు రాత్రుల అద్దె కోసం నెల రోజులు లిస్టింగ్ మూసుకుని కూర్చోవడం నాకైతే గట్టితనంలా కనిపించదు.

మీరు నాటకం అంటున్నారు కాబట్టి ఆ ముక్క కూడా మాట్లాడుకుందాం. అబద్ధపు ఫిర్యాదులు లేకపోలేదు. అయితే "డబ్బు అడిగారు కాబట్టి అబద్ధం" అనడానికి లేదు. నిజంగా షాక్ తిన్నవాళ్ళూ డబ్బు అడుగుతారు, అడగాలి కూడా. చూడాల్సింది వేరే. ఎక్కడ, ఎప్పుడు, ఏది ముట్టుకుంటే అని అడిగితే జవాబు నిర్దిష్టంగా వస్తోందా? ఉంటుండగానే చెప్పారా, వెళ్ళిపోయిన వారానికి చెప్పారా? ఎయిర్‌బీఎన్‌బీ అయితే సమస్య కనిపించిన 72 గంటల్లోపు గెస్ట్ తెలియజేయాలన్న నియమం పెట్టుకుంది. మీ గెస్ట్ అదే రాత్రి చెప్పారు, ఏ కుళాయో చెప్పారు. రెండూ ఆమె వైపే మొగ్గుతున్నాయి. "డబ్బు ఇవ్వకపోతే చెడ్డ రివ్యూ రాస్తా" అని ఎవరైనా మెసేజ్‌లోనే రాస్తే సంగతి వేరు, దాన్ని యథాతథంగా ప్లాట్‌ఫామ్‌కి చూపించండి. అప్పుడు కూడా గీజర్ పరీక్ష మానకూడదు. బెదిరించేవాళ్ళకి కూడా షాక్ కొట్టొచ్చు.

ప్లాట్‌ఫామ్‌కి ఏం పంపాలి? పెద్ద ఉత్తరం వద్దు. గెస్ట్ ఎలాంటివారో, మీకెన్ని ఐదు నక్షత్రాలున్నాయో అక్కర్లేదు. అక్కడ ఫైలు చూసే మనిషికి కావాల్సింది ఈ ఇల్లు తెరిస్తే ఇంకొకరికి దెబ్బ తగులుతుందా లేదా అన్న ప్రశ్నకి కాగితం మీద జవాబు. పరీక్షించిన తేదీ, ఇంటి చిరునామా, పరీక్షించిన వ్యక్తి పేరు, లైసెన్స్ నంబరు, ఏ పరీక్షకి ఏ రీడింగ్ వచ్చింది, ఏం మార్చారు, మార్చాక రీడింగ్ ఎంత, సంతకం. దాంతోపాటు కొత్త సామాను బిల్లు, బోర్డు ఫోటో, గీజర్ మీది లేబుల్ ఫోటో. "చూశాను, అంతా బాగుంది" అని లెటర్‌హెడ్ మీద రాసిన ఒక్క వాక్యం తిరిగొచ్చేస్తుంది. పాత ఎలిమెంట్ తీస్తే పారేయకండి, కవర్లో వేసి తేదీ రాసి అటక మీద పెట్టండి. ఎవరికైనా గాయమైందని తర్వాత క్లెయిమ్ వస్తే అదే వస్తుసాక్ష్యం. మామూలు ఇంటి ఇన్సూరెన్సు పాలసీలు చాలావాటిలో డబ్బు కట్టి ఉండే గెస్టులకి కవరేజీ ఉండదు, మీది ఏమంటోందో ఈ వారమే చదవండి.

ఫోన్లో మాట్లాడితే మాట్లాడారు, కానీ ఫోన్ పెట్టేయగానే "ఇప్పుడు మనం అనుకున్నది ఇదీ" అని ప్లాట్‌ఫామ్ మెసేజ్‌లో రెండు లైన్లు పెట్టండి. వాట్సాప్‌లో జరిగిన సంభాషణ ప్లాట్‌ఫామ్ వాళ్ళ కళ్ళకి జరగనట్టే.

షాక్ ఒక్కటే కాదు కాబట్టి మిగతావి కూడా కొంచెం చెబుతాను.

గ్యాస్ వాసన అంటే అది మెసేజ్‌లో మాట్లాడే విషయం కాదు, ఫోన్ చేయాలి. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కిందకి దిగి నేల మీద పరుచుకుంటుంది. పైపులో వచ్చే సహజవాయువు తేలిక, పైకప్పు దగ్గర చేరుతుంది. ఏదైనా సరే, స్విచ్ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు, అందరూ బయటికి రావాలి, వచ్చేదారిలో అందితే రెగ్యులేటరో వాల్వో కట్టేయాలి, తలుపు తెరిచి వదిలేయాలి. గ్యాస్ ఎమర్జెన్సీకి బయటికొచ్చాకే ఫోన్. "ఒకసారి వాసన చూసి చెప్పండి" అని గెస్ట్‌ని మళ్ళీ లోపలికి పంపే హోస్టులున్నారు. దయచేసి ఆ పని చేయకండి.

గ్యాస్ కన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు, కాబట్టి ఫిర్యాదు ఆ పేరుతో రాదు. "ఇద్దరికీ తలనొప్పిగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది, బయట తిరిగొస్తే తగ్గింది" అని వస్తుంది. హోస్ట్ ప్రయాణ బడలిక అనుకుంటాడు. ఇంట్లో గ్యాస్ గీజరో, బాయిలరో, బొగ్గుల కుంపటో, కింద గ్యారేజీలో జనరేటరో ఉండి, ఒకరికి మించి అదే బాధ చెబితే ఇక ఆలోచించకండి. బయటికి రమ్మని చెప్పి ఎమర్జెన్సీకి ఫోన్ చేయించండి. "అలారం మోగలేదు కదా" అన్నది ఇక్కడ కూడా చెల్లదు. అమెరికా ప్రమాణం ప్రకారం 70 పీపీఎమ్ (గాలిలో పది లక్షల పాళ్ళకి 70 పాళ్ళు) ఉన్నప్పుడు అలారం మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు, 400 పీపీఎమ్ ఉంటే 4 నుంచి 15 నిమిషాలు. పైగా ఈ అలారాలకి వయసుంటుంది. పొగ అలారాన్ని తయారైన తేదీ నుంచి 10 ఏళ్ళకి మార్చాలి, కార్బన్ మోనాక్సైడ్‌ది చాలా మోడళ్ళలో అంతకన్నా ముందే. తేదీ వెనకవైపు ఉంటుంది, ఎక్కి తిప్పి చూస్తే తప్ప కనపడదు. అర నిమిషానికో నిమిషానికో ఒకసారి కీచుమంటోందని గెస్ట్ అంటే చాలాసార్లు బ్యాటరీ అయిపోయిందనే. ఆ రాత్రే బ్యాటరీ అందేలా చూడండి, లేకపోతే నిద్ర పట్టక వాళ్ళు దాన్ని పీకి సొరుగులో పడేస్తారు, తర్వాత వచ్చే మూడు బుకింగులూ అలారం లేకుండానే గడిచిపోతాయి.

తలుపు, తాళం ఫిర్యాదుల్లో "అర్ధరాత్రి ఎవరో తలుపు తోశారు" అన్నది తరచూ వచ్చేదే. కీప్యాడ్ లాక్ అయితే లాగ్ చూసి టైముతో సహా చెప్పండి. ప్రతి బుకింగ్‌కీ కోడ్ మార్చకపోతే పాత గెస్టులందరి దగ్గరా మీ ఇంటి తాళం ఉన్నట్టే లెక్క. మామూలు తాళమైతే పనిమనిషి దగ్గరో వాచ్‌మన్ దగ్గరో ఇంకో తాళంచెవి ఉందేమో చూడండి. తలుపు మూసినట్టే కనిపిస్తూ తాళం నాలుక ఫ్రేములో ఉన్న రంధ్రంలో పడకపోవడం కూడా మామూలే. వానలకి చెక్క ఉబ్బితే అలా అవుతుంది, లోపల గడియ వేసుకోనివాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఎవరినైనా పంపేటప్పుడు పేరు, వచ్చే టైము ముందే చెప్పి, గెస్ట్ ఒప్పుకున్నాకే పంపండి. భయపడుతున్న మనిషి తలుపుని అపరిచితుడి చేత తట్టించకూడదు.

కెమెరా ఉందన్న ఫిర్యాదుకి ఒకటే జవాబు: ముట్టుకోవద్దు, ఫోటో తీయండి, అనుమానం ఉంటే పోలీసులకి చెప్పండి, నేను సహకరిస్తాను. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల కెమెరాలని పూర్తిగా నిషేధించింది, ముందే చెప్పి పెట్టినా సరే, ఆపేసి ఉంచినా సరే. పాత కెమెరా వైరు పీకేసి అల్మరా మీద వదిలేసి ఉంటే ఈ రోజే తీసేయండి.

రివ్యూ గురించి కూడా అడిగారు. ఎయిర్‌బీఎన్‌బీలో చెక్‌అవుట్ అయ్యాక రాయడానికి 14 రోజులుంటాయి, కాబట్టి ఆమె ఇంకా రాయొచ్చు. రాస్తే దాని కింద జవాబు ఆమె కోసం కాదు, వచ్చే నెల ఆ పేజీ చదివే కొత్తవాళ్ళ కోసం రాయండి: "బాత్‌రూమ్‌లో షాక్ వస్తోందని గెస్ట్ తెలిపారు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో గీజర్, ఎర్తింగ్ పరీక్షించి, ఎలిమెంట్ మార్చాము. చెప్పినందుకు ధన్యవాదాలు." అంతే. పరీక్షలో ఏమీ తేలకపోతే మార్చామని రాయకండి, ఏ పరీక్షలు చేయించారో అదే రాయండి.

ఈలోగా మీరు చేయాల్సింది ఇంకొకటుంది, మీ ప్రశ్నలో దాని ప్రస్తావన కనపడలేదు. లిస్టింగ్ ఆగింది ఆ ఒక్క ప్లాట్‌ఫామ్ మీద. అదే ఇంటికి వేరే సైట్ల నుంచి, తెలిసినవాళ్ళ ద్వారా నేరుగా వచ్చిన బుకింగులు ఉంటే అవి అలాగే నడుస్తున్నాయి, వాళ్ళు స్నానం చేసేది ఆ గీజర్ నీళ్ళతోనే. మెగ్గర్ రీడింగ్ చేతికొచ్చేదాకా ఆ తేదీలన్నీ మీరే బ్లాక్ చేయండి. శుక్రవారం ఎవరైనా దిగాల్సి ఉంటే ఇవాళే ఫోన్ చేసి చెప్పండి, రద్దు చేసుకుంటామంటే డబ్బు మొత్తం ఇచ్చేయండి.